పాత చెక్క, కొత్త కాపురం

చెట్టును నరికి, దుంగను కోసి, పలకలు తీసి, బల్ల చేసి, పాలిష్ పట్టించి వందేళ్లు గడిచినా చెక్క ఒక పని మానదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదిలేసి కుంచించుకుంటుంది. ఆషాఢం రాగానే బిగుసుకుపోయే సొరుగు, ఎండాకాలంలో తలుపు పలకల మధ్య తేలే సందు, ఏళ్లు గడిచేకొద్దీ ఊగే కుర్చీ కాళ్లు, వీటన్నిటికీ మూలం ఆ ఒక్క గుణమే. కొత్త ఇంటికి పాత సామాను ఎంచుకునేవారు ఈ గుణాన్ని బాగా అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే. ఏది కొనాలో, ఏది వదిలేయాలో, కొన్నదాన్ని ఎలా బాగుచేయాలో, ఎక్కడ చేయి పెట్టకుండా ఊరుకోవాలో అదే చెబుతుంది.

పాత సామానుకు మన దగ్గర కొదవ లేదు. హైదరాబాద్‌లో గురువారాలు జరిగే జుమ్మెరాత్ బజార్ లాంటి సంతల్లో కుర్చీలు, మంచాలు, అద్దాల అల్మరాలు దొరుకుతాయి. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్లు కూల్చినచోట దూలాలు, వాసాలు, గుమ్మాలు అమ్మకానికి వస్తాయి. వాటిని కోయించి బల్లలు, మంచాలు చేయించుకునేవాళ్లు చాలామంది. తాతల నాటి భోషాణం అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టక, మెట్ల మలుపు తిరగక అమ్మేసుకునే ఇళ్లూ ఉన్నాయి. ఒకరికి అడ్డమైనది ఇంకొకరి కాపురానికి ఆధారమవుతుంది. అయితే పై పై మెరుగు చూసి కొనకూడదు, పాతదని చిన్నచూపూ చూడకూడదు. ముందు చెక్క లోపల ఏముందో చూద్దాం.

చెక్కలో నీళ్లు ఎక్కడుంటాయి

చెక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే నిలువుగా పేర్చిన సన్నని గొట్టాలు కనిపిస్తాయి. వరిగడ్డి కట్టను ఒకవైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉంటుంది. గొట్టాల గోడలు సెల్యులోజ్ పోగులతో తయారవుతాయి. ఆ పోగుల్ని లిగ్నిన్ అనే పదార్థం కలిపి పట్టి ఉంచుతుంది. చెట్టు బతికున్నప్పుడు గొట్టాల ఖాళీల్లోనూ, గోడల్లోనూ నీళ్లుంటాయి. నరికాక ముందు ఖాళీల్లోని నీళ్లు పోతాయి. అప్పటికి చెక్క తేలికవుతుంది కానీ కొలతలు మారవు. తేమ చెక్క ఎండు బరువులో 30 శాతానికి దిగాక గోడల్లోని నీళ్లు వదలడం మొదలవుతుంది. పోగులు దగ్గరకు జరుగుతాయి, చెక్క కుంచించుకుంటుంది. మళ్లీ తేమ తగిలితే పోగుల మధ్య నీళ్లు చేరి ఉబ్బుతుంది.

పోగులన్నీ చాలావరకు నిలువుగా ఉంటాయి కాబట్టి ఈ కదలిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పొడవునా దాదాపు ఏమీ ఉండదు. అడ్డంగానే ఎక్కువ, అందులోనూ ఏటేటా ఏర్పడే వలయాల వెంబడి ఇంకా ఎక్కువ. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి సుమారు 5.8 శాతం తగ్గుతుంది. మొద్దు నడిబొడ్డు నుంచి బెరడు వైపు ఉండే దిక్కులో సుమారు 2.5 శాతమే తగ్గుతుంది. చాలా చెక్కలు ఇంతకంటే ఎక్కువే కదులుతాయి. టేకుకు పేరు రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

దీన్ని ఇంటి బల్లకు వర్తింపజేసి చూద్దాం. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో గాలి తేమ 30 శాతం కిందికి దిగుతుంది. అలాంటి గాలిలో చాలాకాలం ఉన్న చెక్కలో 6 శాతం దాకా నీరుంటుంది. వానాకాలంలో గాలి తేమ 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే చెక్కలో నీరు 13 శాతానికి చేరుతుంది. మూడడుగుల వెడల్పున్న టేకు బల్ల పైపలక ఈ రెండు కాలాల మధ్య, పూర్తిగా స్పందించేంత సమయం దొరికితే, వెడల్పులో సుమారు 12 మిల్లీమీటర్లు మారుతుంది. పాలిష్ ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది కాబట్టి నిజంగా కనిపించేది దీనికంటే తక్కువ. అయిదడుగుల పొడవులో మాత్రం ఒక మిల్లీమీటరు కూడా మారదు. వెడల్పులో ఇంత, పొడవులో ఏమీ లేదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకున్న వడ్రంగి చేసిన సామాను తరాలు నిలుస్తుంది. తీసుకోనివాడు చేసినది పగులుతుంది.

ముసలి చెక్క ఇక కదలదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. పాత చెక్క తన చుట్టూ ఉన్న గాలితో సర్దుకుని ఉంటుంది, అంతే. విశాఖ సముద్రపు గాలిలో పెరిగిన అల్మరాను హైదరాబాద్ ఏసీ గదిలోకి తెస్తే, అది యాభై ఏళ్ల వయసుదైనా మళ్లీ కుంచించుకోవడం మొదలుపెడుతుంది.

కొనేముందు

బరువుంటే మంచి చెక్క అని బజార్లో అందరూ అంటారు. లెక్క వేసి చూడండి. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంగుళం మందమున్న టేకు పలక సుమారు 23 కిలోలు తూగుతుంది. అదే కొలతల్లో పొట్టు, జిగురు కలిపి నొక్కి చేసిన పార్టికల్ బోర్డు అంతకు తగ్గదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తూగుతుంది. జిట్టేగి టేకు కంటే బాగా బరువు. కాబట్టి బరువు ఒక్కటే దేన్నీ తేల్చదు.

తేల్చేది అంచు. పలక పైముఖం మీద కనిపించే గీతలు చివరన అంచుకు చేరాక వలయాలుగానూ, సన్నటి రంధ్రాలుగానూ తేలాలి. పైన గీతలు ఒక దారిన పోతూ అంచున ఇంకో దారిన ఉంటే పైన అతికించిన పలుచని పొర ఉందన్నమాట. అంచు మీద పొట్టు రేణువులు కనబడితే పార్టికల్ బోర్డు, పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. పాలిష్ పట్టని చోట్లు నిజం చెబుతాయి. సొరుగును బయటకు లాగి అడుగు చూడాలి, బల్లను తిరగేసి చూడాలి, అల్మరా వెనక పలక చూడాలి. చవక చెక్కకు రంగేసి టేకని అమ్మే చోట ఈ దాచిన ముఖాల మీద రంగు అందదు. టేకుకు బంగారు గోధుమ రంగు, చేతికి కాస్త నూనె తగిలినట్టుండే నునుపు, తోలును తలపించే వాసన ఉంటాయి.

తరవాత చేవ ఎంత ఉందో చూడాలి. మొద్దు నడిమి భాగం చేవ. బెరడు పక్కన ఉండేది తెల్లచెక్క. చెట్టు బతికుండగా నీళ్లు పారేది, పిండిపదార్థం దాచుకునేది తెల్లచెక్కలోనే. లోపలి కణాలు చనిపోతూ తమలో కొన్ని రసాయనాలను నింపుకుని చేవగా మారతాయి. టేకు చేవలో టెక్టోక్వినోన్ లాంటి పదార్థాలుంటాయి. చెదలను, బూజును దూరం పెట్టేవి అవే. వేగిస, మద్ది లాంటి మన అడవి చెక్కల చేవకూ మంచి మన్నిక ఉంది. టేకైనా సరే, తెల్లచెక్కకు ఈ రక్షణ ఉండదు. టేకు కుర్చీ అని మురిసిపోయి, దాని వెనక కాలు సగం తెల్లచెక్కతో చేసిందని గమనించకపోతే పురుగు మాత్రం గమనిస్తుంది.

పాత బర్మా టేకుకు ధర ఎక్కువ పలకడానికి కారణం ఉంది. నెమ్మదిగా ఎదిగిన పెద్ద మాన్ల చేవలో ఆ రసాయనాలు దండిగా ఉంటాయి, తెల్లచెక్క భాగం తక్కువ. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి పాత ఇళ్ల దూలాల్లో ఉన్న అలాంటి కలపను మళ్లీ వాడుకోవడం తెలివైన పని. ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత దూలంలో లోపల విరిగిపోయిన మేకులుంటాయి. కోయించేముందు వాటిని వెతికి పీకించకపోతే రంపం పళ్లు పోతాయి, కోసేవాడికీ ప్రమాదం.

పురుగు లక్షణాలు

చెక్క మీద ఒకటి, రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు, వాటి కింద మైదాపిండంత మెత్తని పొడి ఉంటే అది పుచ్చు. తల్లి పురుగు చెక్క రంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్ల నెలల తరబడి లోపలే తింటూ పెరుగుతుంది. మనకు కనిపించే రంధ్రం అది పెద్దదై బయటకు వెళ్లిపోయిన దారి. ఈ జాతి పురుగుకు సెల్యులోజ్ అరగదు, దానికి కావలసింది పిండిపదార్థం. అందుకే మామిడి చెక్కనూ, ఏ చెక్కదైనా తెల్లచెక్కనూ పట్టుకుంటుంది, చేవను వదిలేస్తుంది.

రంధ్రం ఉన్నంత మాత్రాన పురుగు ఇంకా ఉందని కాదు. పొడి దులిపేసి, ఉన్న రంధ్రాల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, కింద నల్లకాగితం పరిచి కొన్ని వారాలు ఉంచండి. కొత్త పొడి రాలితే, గీత లేని కొత్త రంధ్రం పడితే పురుగు బతికే ఉంది. రాలకపోతే అది బహుశా ఏనాటి కథో.

చెదల సంగతి వేరు. వాటి పొట్టలోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను అరిగిస్తాయి, కాబట్టి అవి చెక్కనంతా తినగలవు. నేలలో పుట్టపెట్టే చెదలు తేమ కోసం మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. ఆ మట్టి దారి కనిపిస్తే ఆనవాలు దొరికినట్టే. పొడి చెక్కలోనే కాపురం పెట్టే చెదలు ఇంకోరకం, వాటికి మట్టి అక్కర్లేదు. అవి గసగసాలంత, ఆరు పలకలున్న గట్టి రేణువుల్ని బయటకు తోస్తాయి. పైన పాలిష్ మెరుస్తూనే లోపల డొల్ల అయి ఉంటుంది. వేలి కణుపుతో తట్టుకుంటూ పోతే డొల్ల ఉన్నచోట శబ్దం మారుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే గట్టి చెక్క ఎదురునిలుస్తుంది, తిన్న చెక్క లోపలికి దిగుతుంది.

పుచ్చు కొద్దిగా ఉంటే బాగుచేయవచ్చు. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పురుగుకు విషం. నీళ్లలో కరిగేది కాబట్టి పాలిష్ మీద పూస్తే పైనే ఆరిపోతుంది. పాలిష్ గీకేసి ఉత్తి చెక్క మీద, రంధ్రాల్లోకి దిగేలా పట్టించాలి. పిల్లలకు అందనిచోట, చేతులకు తొడుగులు వేసుకుని చేయాల్సిన పని ఇది. బరువు మోసే కాలు, పట్టె లోపలంతా డొల్ల అయితే మందు వృథా. ఆ ముక్క మార్చాల్సిందే.

నల్లుల్ని మరవకూడదు. మంచం కోళ్ల బెజ్జాల్లో, నవారు మడతల్లో అవి నెలల తరబడి తిండి లేకుండా బతకగలవు. కోళ్ల మీద మరుగునీళ్లు పోయడం మన ఇళ్లల్లో పూర్వం నుంచీ ఉన్న పద్ధతి, దానికి శాస్త్రం దన్ను ఉంది. 55 డిగ్రీల వేడికి నల్లి, దాని గుడ్డు రెండూ చస్తాయి. కానీ మందపాటి దూదిలోకి, స్పాంజిలోకి ఆ వేడి దిగదు. అందుకే పాత పరుపు, పాత స్పాంజి సోఫా ఎంత చవకైనా కొనవద్దు. చట్రం బాగుంటే చట్రమే తీసుకుని పైది కొత్తగా వేయించుకోండి.

కుర్చీ ఎందుకు ఊగుతుంది

పాత కుర్చీ ఊగుతుంటే జిగురు వదిలిందని అనుకుంటాం. జిగురు వదలడానికి ముందు అక్కడ ఇంకొకటి జరిగి ఉంటుంది. కుర్చీ కాలులో బెజ్జం తొలిచి, అడ్డపట్టె కొసను నాలుకలా చెక్కి అందులో దిగగొడతారు. కాలులో పోగులు నిలువుగా ఉంటాయి, నాలుకలో అడ్డంగా ఉంటాయి. వానాకాలంలో నాలుక తన ఎత్తులో ఉబ్బాలనుకుంటుంది. బెజ్జం ఆ దిక్కులో పెరగదు, ఎందుకంటే అది కాలు పొడవు. చోటు దొరకని నాలుక పోగులు తమలో తామే నలుగుతాయి. ఎండాకాలం వచ్చి నీరు పోయాక ఆ నలిగిన నాలుక మునుపటి కొలతకు రాదు, ఇంకాస్త చిన్నదవుతుంది. ఏటా కొంచెం. జిగురు ఆ సందును కొన్నాళ్లు పట్టి ఉంచి చివరకు పగులుతుంది.

ఇది తెలిస్తే ఊళ్లలో చెప్పే ఒక చిట్కా ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. వదులైన కుర్చీ అతుకును తడిపి ఉంచితే బిగుసుకుంటుందంటారు. నిజమే, ఆ పూటకు బిగుసుకుంటుంది. కానీ ఉబ్బిన నాలుక మళ్లీ నలుగుతుంది, ఆరాక ఇంతకు ముందుకంటే వదులవుతుంది. మేకు కొట్టడం ఇంకా చెరుపు. మేకు పోగుల్ని చీలుస్తుంది, చెమ్మకు తుప్పు పడుతుంది, కదిలే అతుకును ఒక బిందువు దగ్గర బిగించి అక్కడే పగిలేలా చేస్తుంది.

సరైన దారి విప్పదీయడం. ముందు ప్రతి అతుకు దగ్గర రెండు ముక్కల మీదా ఒకే అంకె పెన్సిల్‌తో వేయండి. చేత్తో చెక్కిన సామానులో ఏ నాలుక బెజ్జం దానిదే, మారిస్తే కూర్చోదు. మేకులుంటే పీకేయండి. చెక్కముక్క అడ్డం పెట్టి దానిమీద కొట్టాలి కానీ సుత్తి నేరుగా తగలకూడదు. చాలా పాత సామానులో సరేసు వాడి ఉంటారు. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు అది, కొల్లాజెన్ అనే ప్రొటీన్ నుంచి వచ్చింది. వేడినీళ్లలో ముంచిన గుడ్డను కాసేపు చుట్టి ఉంచితే మెత్తబడి వదులుతుంది. ఎప్పుడో కట్టిన ముడిని తెంపకుండా విప్పుకునే వీలు ఆ జిగురుతో ఉంది.

తీశాక పాత జిగురంతా ఉలి అంచుతో గీకి ఉత్తి చెక్క కనిపించేదాకా శుభ్రం చేయాలి. ఫెవికోల్ లాంటి తెల్ల జిగురు పాలీవినైల్ అసిటేట్ రేణువులు నీళ్లలో తేలుతున్న ద్రవం. నీళ్లు చెక్కలోకి ఇంకిపోతే రేణువులు పోగుల సందుల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాత జిగురు పొర మీద పూస్తే నీళ్లు ఇంకవు, రేణువులకు పట్టుకోవడానికి పోగులు దొరకవు. ఇంట్లో చేసిన అతుకులు విఫలమవడానికి ఎక్కువగా ఇదే కారణం.

నాలుక వదులుగా ఉంటే జిగురుతో సందు నింపవద్దు. మందపాటి జిగురు పొరకు బలం లేదు. చిత్రిక పట్టినప్పుడు వచ్చే పలచని పొరను నాలుక మీద అదే దిక్కులో అతికించి, ఆరాక ఉప్పు కాగితంతో అరగదీసి, చేత్తో నొక్కితే దిగేంత బిగుతుకు తేవాలి. తరవాత జిగురు రాసి బిగించాలి. క్లాంపులు లేకపోతే తాడు చుట్టి, మధ్యలో పుల్ల దూర్చి మెలితిప్పితే చాలు. కుర్చీ అడుగు చట్రం మూల నుంచి ఎదురు మూలకు కొలిచి, రెండు కొలతలూ సమానమైతే చట్రం సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే జిగురు పచ్చిగా ఉన్నప్పుడే సరిచేయాలి. సమతలంగా ఉన్న నేల మీద నాలుగు కాళ్లూ ఆనేలా పెట్టి ఒక రోజు కదపకుండా వదిలేయండి.

పలకకు చోటు ఇవ్వాలి

పాత తలుపునూ, అల్మరా తలుపునూ గమనించండి. చుట్టూ మందపాటి చట్రం, మధ్యలో పలుచని పలక. పలక అంచులు చట్రంలోని గాడిలో దూరి ఉంటాయి, అక్కడ జిగురు ఉండదు. గాడిలో కొంత ఖాళీ కూడా వదిలి ఉంటారు. పలక వెడల్పు పెరిగినా తగ్గినా గాడిలోకి జరుగుతూ, బయటకు జరుగుతూ ఉంటుంది, చట్రం కొలత మారదు. తలుపు గుమ్మంలో ఎప్పుడూ పడుతుంది. చెక్క కదలికను ఆపలేమని ఒప్పుకుని, దానికి దారి ఇచ్చిన నేర్పు అది.

పలక నడుమ నిలువుగా పగిలిందంటే ఎక్కడో ఆ దారి మూసుకుపోయిందన్నమాట. చాలాసార్లు గాడిలోకి కారి గట్టిపడిన రంగో, పాలిషో దానికి కారణం. ముందు ఆ అంచుల్ని పలుచని కత్తితో విడిపించాలి. పగుల్లో లప్పం నింపడం తొందరపాటు. ఎండాకాలంలో వెడల్పైన పగులును గట్టి లప్పంతో నింపితే వానల్లో పలక ఉబ్బి లప్పాన్ని బయటకు తోస్తుంది, లేదా పక్కన కొత్త పగులు తెస్తుంది. పగులు పెద్దదైతే అదే జాతి చెక్క పేళ్లు పోగుల దిక్కు చూసి అతికించాలి. సన్నదైతే అలాగే ఉంచడం మేలు.

బల్ల పైపలకకూ ఇదే సూత్రం. దాన్ని కింది చట్రానికి జిగురుతోనో, నాలుగువైపులా స్క్రూలతోనో కదలకుండా బిగిస్తే పగిలిపోతుంది. స్క్రూ రంధ్రాలు వెడల్పు దిక్కులో కాస్త పొడవుగా తొలిస్తే బిగింపు ఉంటుంది, జరిగే వీలూ ఉంటుంది. కొత్తగా ఇనుప కోణాలు బిగించి "గట్టిగా" చేసిన పాత బల్ల తరవాతి ఎండాకాలంలో పగలడం అందుకే.

ఆగస్టులో సొరుగు పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టించవద్దు. మార్చిలో అదే సొరుగు లొడలొడలాడుతుంది. నడిచే అంచుల మీద కొవ్వొత్తి రుద్దండి, రాపిడి తగ్గుతుంది. మూడు, నాలుగు వారాలు పొడి వాతావరణం వచ్చాక కూడా పట్టేస్తుంటే అప్పుడే చిత్రిక పట్టాలి.

లక్క

పాత టేకు సామాను మీద పాలిష్ ఏదో తెలుసుకునే తేలిక పరీక్ష ఉంది. కనిపించని చోట దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్దండి. మెత్తబడి చేతికి అంటుకుంటే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే పాలీయూరెథేన్ లాంటి ఆధునిక పూత.

లక్క ఒక చిన్న పురుగు ఇచ్చే పదార్థం. మోదుగు, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద రసం పీలుస్తూ, తన చుట్టూ గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూడును గీకి, కరిగించి, వడకట్టి, పలుచని పొరలుగా సాగదీస్తే పాలిష్ లక్క. దీని మీద పరిశోధన చేసే సంస్థ రాంచీ దగ్గర 1924 నుంచి ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలు చేసేవాళ్లు, తిరుగుతున్న బొమ్మకు లక్కముక్క ఆనించి రాపిడి వేడితో కరిగించి పూస్తారు. కుర్చీకి అదే లక్కను స్పిరిట్‌లో కరిగించి పలుచగా పదేపదే రుద్దుతారు.

లక్క పూత గొప్ప గుణం మరమ్మతుకు లొంగడం. కొత్త పూతలోని స్పిరిట్ పాత పూతను కొంత కరిగించి, రెండూ ఒకటే పొర అయ్యేలా చేస్తుంది. వేడి గ్లాసు పెట్టిన చోట తెల్లటి వలయం కనిపించడం పూతలో చిక్కుకున్న తేమ వల్ల. స్పిరిట్ తడి తగిలీ తగలని గుడ్డతో చకచకా తుడిస్తే చాలాసార్లు పోతుంది. పాలీయూరెథేన్ అణువులు ఒకదానితో ఒకటి రసాయన బంధాలతో ముడిపడి ఉంటాయి. గీత పడితే మళ్లీ కరగదు, చోటు మొత్తం గీకి వేయాలి. నీళ్లు, నూనె మరకలు తగిలే వంటింటి బల్లకు అది మేలే. పడక గది అల్మరాకు లక్క చాలు.

ఏ పూతైనా తేమను పూర్తిగా ఆపలేదు, నెమ్మదింపజేయగలదంతే. అందుకే పైపలకకు పాలిష్ పట్టిస్తే అడుగుకూ పట్టించాలి. పైన పూత ఉండి అడుగు ఉత్తి చెక్కగా ఉంటే రెండు ముఖాలూ వేర్వేరు వేగంతో తేమ పీల్చి పలక వంగిపోతుంది.

గీకడం మొదలుపెట్టేముందు భద్రత చూసుకోవాలి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందరి రంగుల్లో సీసం ఎక్కువ ఉండవచ్చు. పాత రంగు పట్టిన మంచాన్ని, ఊయలను పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లో పిల్లల చేతికి చేరుతుంది. తడిపి గీకండి, బయట గీకండి, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. చెక్క దుమ్మునూ తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం నిర్ధారించింది. అవిసె నూనె పూస్తే, నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయవద్దు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది. మడతల్లో ఆ వేడి బయటకు పోలేక నిప్పు అంటుకోవచ్చు. విడదీసి పరిచి ఆరబెట్టండి.

చెక్క కానివి, చెక్కలా ఉండేవి

పార్టికల్ బోర్డును నొక్కి చేసేటప్పుడు పొట్టు రేణువులు అణిగి ఉంటాయి. నీళ్లు తగిలితే అవి ఉబ్బి జిగురు బంధాలు తెగుతాయి, ఆరాక మళ్లీ అణగవు. అంచు ఉబ్బిన వార్డ్‌రోబ్ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఉబ్బకపోతే, పొడి గదిలో పెట్టుకునేందుకు తీసుకోవచ్చు. దాని జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ కొత్తలో ఎక్కువ, కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆ లెక్కన పాతదే మేలు.

ఇనుప బీరువాలది వేరే దారి. గోద్రెజ్ తన స్టోర్‌వెల్ బీరువాను 1923లో తెచ్చింది. ఇప్పటికీ పెళ్లి సామాన్లలో బీరువాకు ప్రత్యేక స్థానం ఉంది. ఇనుప రేకు తేమకు ఉబ్బదు, పురుగు పట్టదు, కానీ గీత పడ్డచోట తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించుకుని పక్కనున్న రంగును పైకి లేపుతుంది, అక్కడ మళ్లీ తేమ చేరుతుంది. సముద్రతీరపు ఊళ్లలో ఉప్పు ఈ పనిని ఇంకా వేగం చేస్తుంది. తీగ బ్రష్‌తో, ఉప్పు కాగితంతో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, థిన్నర్‌తో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, తరవాత రంగు వేయాలి. అడుగుభాగం తుప్పుకు చిల్లులు పడితే బీరువా బరువు ఆగదు, కొనవద్దు.

కేన్ అల్లిన కుర్చీ సీటు సాగి ఉంటే ఒక ఆశ ఉంది. అల్లిక తెగకపోతే కింది వైపు నుంచి వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి, రాత్రంతా నీడలో ఆరనివ్వండి. ఆరేకొద్దీ పేము కుంచించుకుని బిగుస్తుంది. నీళ్లు ఈసారి మన పక్షాన పనిచేస్తాయి.

ఇల్లు చేరాక

తెచ్చిన సామానును వెంటనే విప్పి బాగుచేయడం మొదలుపెట్టవద్దు. కొన్ని వారాలు ఆ గది గాలికి అలవాటు పడనివ్వండి. ఏసీ గదిలో పెట్టేదాన్ని అదే గదిలో, బాల్కనీ పక్కన ఉండేదాన్ని అక్కడే ఉంచండి. ఈ వ్యవధిలో పురుగు పొడి రాలుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. తడి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడలైతే మరీ ముఖ్యం.

ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కార్బన్. ఎండు బరువు 40 కిలోలున్న భోజనబల్లలో సుమారు 20 కిలోల కార్బన్ ఉంది. అది చెట్టు ఎదిగేటప్పుడు గాలి నుంచి 73 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కూడబెట్టినది. బల్ల పొయ్యిలోకో, చెత్తకుప్పలోకో పోతే అది మళ్లీ గాలిలో కలుస్తుంది. బల్ల వాడకంలో ఉన్నంతకాలం ఆ కార్బన్ మన ఇంట్లోనే ఉంటుంది. కొత్త బల్ల కోసం ఇంకో మాను నరకాల్సిన అవసరమూ కొంత తప్పుతుంది.

అందుకే పాత సామాను బాగుచేసేటప్పుడు మనం చేసే ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీన్ని తరవాతివాళ్లు విప్పగలరా? సరేసు వేడినీళ్లకు వదులుతుంది, లక్క స్పిరిట్‌కు కరుగుతుంది, స్క్రూ తిప్పితే వస్తుంది, గాడిలోని పలక దానంతటదే కదులుతుంది. మనకు తాతల సామాను బాగుచేసుకునే వీలు దక్కిందంటే ఆనాటి వడ్రంగులు ఇలాంటి పద్ధతులు వాడినందువల్లే. మేకు కొట్టి, ఎపాక్సీ పోసి, పాలీయూరెథేన్ కింద మూసేస్తే ఈ రోజుకు పని జరుగుతుంది, కానీ మన తరవాత ఆ బల్లను ఎవరూ బాగుచేయలేరు. కొత్త కాపురం పెట్టేవారు ఒక్క కుర్చీనైనా విప్పి, గీకి, సరిగ్గా అతికి చూడాలి. చెక్క ఎటు కదులుతుందో చేతికి తెలిశాక, కొత్తదైనా పాతదైనా ఆ ఇంట్లోకి వచ్చే ప్రతి సామానునూ వాళ్లు ఆ తెలివితోనే ఎంచుకుంటారు.